3500 రూపాయల గీత: అద్దె గదికి బాధ్యత ఎవరిది?

పోయిన వారం ఫెడరలిజం నోట్స్‌కి రెండో భాగం రాస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. ఈ వారం మనలో చాలామందిమి రోజుకు పది గంటలు గడిపే చోటు గురించి రాస్తున్నాను. అదే మన అద్దె గది.

సిలబస్‌లో "అద్దె" అన్న మాట మీకు కనబడదు. కానీ జీఎస్-1లో పట్టణీకరణ, జీఎస్-2లో పాలన, జీఎస్-3లో విపత్తు నిర్వహణ, జీఎస్-4లో జవాబుదారీతనం చదువుతున్నాం కదా, ఈ నాలుగూ ఒక నాలుగంతస్తుల బిల్డింగులో ఒకేసారి కనబడతాయి. కింద మీటర్ బోర్డు, మెట్ల కింద బండ్లు, పైన తాళం వేసిన టెర్రస్ తలుపు, మధ్యలో లక్ష్మీకాంత్ పుస్తకం తలకింద పెట్టుకుని నిద్రపోయే మనం.

మూడు తేదీలు

2023 జూన్ 15న ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో కోచింగ్ సెంటర్ ఉన్న ఒక బిల్డింగులో మంటలు లేచాయి. మొదలైంది కరెంటు మీటరు దగ్గర. పొగ మెట్లెక్కింది. పిల్లలు కిటికీల్లోంచి తాళ్లు, వైర్లు పట్టుకుని దిగారు. ఆ వీడియో మీరంతా చూసే ఉంటారు.

2024 జులై 22న పటేల్ నగర్‌లో వాన నీళ్లు నిలిచిన వీధిలో ఇనప గేటు తాకి ఒక ఆస్పిరెంట్ కరెంటు షాక్‌తో చనిపోయాడు.

ఐదు రోజుల తర్వాత, జులై 27న, ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద నీళ్లు వచ్చి ముగ్గురు చనిపోయారు. ఒకరు ఉత్తరప్రదేశ్, ఒకరు కేరళ, ఒకరు మన తెలంగాణ కుటుంబానికి చెందిన అమ్మాయి. ఆ బేస్‌మెంట్‌కు లైబ్రరీ నడపడానికి అనుమతి లేదు. ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తాను విచారణకు తీసుకుని, కోచింగ్ సెంటర్లు మృత్యుగృహాలుగా మారాయని వ్యాఖ్యానించింది.

ఈ ఘటనల మీద మనం రాసే జవాబుల్లో మున్సిపల్ కార్పొరేషన్, డ్రైనేజీ, కోచింగ్ సంస్థల నియంత్రణ తప్పకుండా వస్తాయి. నాలుగో మనిషిని మర్చిపోతాం. ఆయనే బిల్డింగు యజమాని. రాజేంద్ర నగర్ కేసులో బేస్‌మెంట్ సహ యజమానులు నలుగురు అరెస్టయ్యారు. తాము అద్దెకు మాత్రమే ఇచ్చామన్నది బెయిలు విచారణలో వారి వాదన. కేసు కోర్టు చూసుకుంటుంది, దోషం ఎవరిదో చెప్పడం నా పని కాదు. ఆ వాదనలోని ప్రశ్న మాత్రం మనందరిదీ: తాళంచెవి చేతులు మారితే బాధ్యత కూడా చేతులు మారుతుందా?

చట్టం ఏం చెబుతోంది

ముందు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దీని 108వ సెక్షన్ యజమానికి కొన్ని బాధ్యతలు పెట్టింది. ఇంట్లో తనకు తెలిసిన, అద్దెకు వచ్చేవాడు మామూలుగా చూసి కనుక్కోలేని లోపం ఉంటే ముందే చెప్పాలి. స్వాధీనం ఇవ్వాలి. అద్దె సరిగ్గా కడుతున్నంత కాలం అతన్ని ప్రశాంతంగా ఉండనివ్వాలి. తాను చేయాల్సిన రిపేరు చేయకపోతే అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలోంచి మినహాయించుకోవచ్చు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ సెక్షన్ మొదట్లోనే ఒక షరతు ఉంది: ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా చెప్పకపోతేనే ఇవన్నీ వర్తిస్తాయి. పైగా "తాను చేయాల్సిన రిపేరు" ఏదో ఈ సెక్షన్ జాబితా ఇవ్వదు. అగ్రిమెంటులో "రిపేర్లన్నీ అద్దెదారే చేసుకోవాలి" అని ఒక్క వాక్యం పడితే ఆ హక్కు దాదాపు కాగితం మీదే మిగులుతుంది. మన అగ్రిమెంట్లలో ఆ వాక్యం ఉంటుంది. తీసి చూడండి.

ఇక అద్దె నియంత్రణ చట్టాలు. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం 44వ సెక్షన్ యజమాని ఇంటిని నివాసయోగ్యంగా ఉంచి తీరాలని సూటిగా చెబుతుంది. నోటీసు ఇచ్చినా చేయకపోతే అద్దెదారు చేయించుకుని ఏడాది అద్దెలో పన్నెండో వంతు వరకు మినహాయించుకోవచ్చు. 45వ సెక్షన్ నీళ్లు, కరెంటు లాంటి అత్యవసర సౌకర్యాలు ఆపకూడదంటుంది.

ఇప్పుడు అసలు విషయం. 1988 సవరణ తర్వాత, నెల అద్దె 3500 రూపాయలు దాటిన ఇళ్లకు ఈ చట్టమే వర్తించదు.

ఇవాళ కరోల్ బాగ్‌లో 3500కి ఏం దొరుకుతుందో అక్కడ ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. సగం మంచం కూడా రాదు. హైదరాబాద్ వేరుగా ఉంటుందనుకుంటున్నారా? ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చి ఇప్పుడు తెలంగాణకు వర్తిస్తున్న అద్దె నియంత్రణ చట్టానికి 2005లో చేసిన సవరణ కూడా మున్సిపల్ కార్పొరేషన్లలో అదే అంకె పెట్టింది: 3500. రెండు నగరాలు, రెండు చట్టాలు, ఒకే గీత. ఆ గీతకు అవతల ఉన్నవాళ్లకు మిగిలింది 1882 చట్టం, చేతిలో ఉన్న 11 నెలల అగ్రిమెంటు.

11 నెలలే ఎందుకు? ఏడాది దాటిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. ఫీజు మిగులుతుంది, రికార్డు ఉండదు. మహారాష్ట్ర ఇక్కడ తెలివైన పని చేసింది. అక్కడి 1999 చట్టం 55వ సెక్షన్ ప్రకారం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి, రిజిస్టర్ చేయించే బాధ్యత యజమానిదే. చేయించకపోతే, వివాదం వచ్చినప్పుడు షరతుల గురించి అద్దెదారు చెప్పిందే కోర్టు ముందుగా నమ్ముతుంది, అది తప్పని యజమాని నిరూపించుకోవాలి. ప్రిలిమ్స్‌లో రాకపోవచ్చు గానీ ఎస్సేలో మంచి ఉదాహరణ, రాసి పెట్టుకోండి.

పీజీల్లో, హాస్టళ్లలో ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా పలచన. అక్కడ మనకు ఉండేది సాధారణంగా లీజు కాదు, లైసెన్సు. ఉండనిస్తారు, అంతే.

ఎవరి చేతిలో ఉంటే వారిదే

నేను ఈఈఈ చదివాను. కాబట్టి ఏ గదిలో దిగినా ముందు సాకెట్లు చూస్తాను. 2024 వానాకాలంలో కరోల్ బాగ్ వైపు ఒక నాలుగంతస్తుల బిల్డింగులో, మూడో అంతస్తులో ఉన్నాను. అంతస్తుకి నలుగురం, మొత్తం పదహారు మందిమి. యజమాని కింద ఉండేవాడు.

బాత్‌రూమ్ నల్లా తాకితే చిన్నగా జివ్వుమనేది. టెస్టర్ పెడితే వెలిగింది. గీజర్‌లో లీకేజీ ఉంది. అది పెద్ద సమస్య కాదు, గీజర్ మారిస్తే పోతుంది. సాకెట్ విప్పి చూస్తే మూడో పిన్ను వెనక వైరే లేదు. బిల్డింగు మొత్తానికి ఎర్తింగ్ లేదన్నమాట.

యజమానికి చెప్పాం. "చెప్పులేసుకుని స్నానం చేయండి బేటా" అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పండక్కి హల్వా పంపేవాడు. మేం దిగిన రెండో రోజే పోలీస్ వెరిఫికేషన్ ఫారాలు నింపించి స్టేషన్‌లో ఇచ్చి వచ్చాడు. ఇది గమనించండి. వెరిఫికేషన్ చేయించకపోతే బీఎన్‌ఎస్ 223వ సెక్షన్ కింద తన మీదే కేసు పడుతుందని ఆయనకు తెలుసు. ఎర్తింగ్ గురించి ఆయన్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు. మనం ఎవరమో రాజ్యానికి చెప్పే బాధ్యతను ఆయన తూచా తప్పకుండా పాటించాడు. ఆ బిల్డింగు ఎలాంటిదో మనకు చెప్పే బాధ్యత ఒకటుందని ఆయనకు తట్టనే లేదు.

పటేల్ నగర్ వార్త వచ్చిన రాత్రి నలుగురం డబ్బులు వేసుకున్నాం. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మా అంతస్తు లైన్‌కు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఇక్కడ ఒక సాంకేతిక విషయం మీకు పనికొస్తుంది. ఎర్తింగ్ ఉన్న ఇంట్లో లీకేజీ మొదలవగానే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంది. ఎర్తింగ్ లేకపోతే మనిషి తాకి, కరెంటు అతని ఒంట్లోంచి భూమిలోకి దిగినప్పుడే అది ట్రిప్ అవుతుంది. ప్రాణం నిలబడొచ్చు, షాక్ మాత్రం తప్పదు.

ఎర్త్ పిట్ తవ్వాలంటే కింద ఖాళీ జాగా కావాలి. అది యజమానిది. మీటర్ బోర్డు ఆయనది. మెట్లు, టెర్రస్, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు అన్నీ ఆయన అదుపులోనివే. మేం ఎంత డబ్బు పెట్టినా మా నలుగురికి సగం రక్షణ వచ్చింది, మిగతా పన్నెండు మందికి అదీ లేదు. ఖాళీ చేసేటప్పుడు, గోడకు రంధ్రాలు చేశామని డిపాజిట్‌లో పదిహేను వందలు కోసుకున్నాడు.

ఈ అనుభవం నుంచి నాకు ఒక సూత్రం దొరికింది. బాధ్యత ఎవరిదో తేల్చడానికి "డబ్బు ఎవరు కడుతున్నారు" అని కాకుండా "అదుపు ఎవరి చేతిలో ఉంది" అని అడగాలి. బల్బు, నల్లా వాషరు, తలుపు గడియ మన అదుపులో ఉన్నాయి, మనవే. వైరింగ్, పైపులు, స్లాబు, మెట్లు ఆయన అదుపులో ఉన్నాయి, ఆయనవే.

2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం రెండో షెడ్యూలు దాదాపు ఇదే విభజన చేసింది. స్ట్రక్చరల్ రిపేర్లు, సున్నం, పైపుల మార్పిడి, లోపలా బయటా వైరింగ్ యజమానికి. వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజర్ రిపేరు, కాలువ శుభ్రం అద్దెదారుకి. యజమాని చేయకపోతే చేయించుకుని, ఏ నెలలోనూ సగం అద్దె దాటకుండా మినహాయించుకోవచ్చు. ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదు. లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, పొద్దు పొడవక ముందూ పొద్దు గూకాకా రాకూడదు. నీళ్లు, కరెంటు, లిఫ్టు, మెట్ల మీద లైట్లు ఆపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దీంట్లో 3500 లాంటి గీత లేదు.

కానీ ఇది నమూనా చట్టం. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఈ తరహాలో తమ చట్టాలను మార్చుకున్నాయి. మనం ఎక్కువగా గదులు తీసుకునే ఢిల్లీ, హైదరాబాద్ ఆ జాబితాలో లేవు.

30 శాతం లెక్క

"రిపేర్లకు డబ్బు ఎక్కడిది?" అని యజమానులు అడుగుతారు. దీనికి జవాబు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. అద్దె ఆదాయంలోంచి కట్టిన మున్సిపల్ పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం నేరుగా మినహాయింపు. 1961 చట్టంలో 24వ సెక్షన్ ఇచ్చింది, 2025 కొత్త చట్టంలోనూ కొనసాగింది. రిపేర్లు, నిర్వహణ లాంటి ఖర్చుల కోసమే ఇది. బిల్లు చూపక్కర్లేదు. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా వస్తుంది.

లెక్క వేద్దాం. ఎనిమిది గదులు, గదికి నెలకు 15,000. ఏడాదికి 14,40,000. మున్సిపల్ పన్ను పక్కన పెడితే 30 శాతం అంటే 4,32,000 రూపాయల మీద పన్ను ఉండదు. బిల్డింగును చూసుకుంటాడన్న నమ్మకంతో రాజ్యం ముందే వదులుకున్న పన్ను అది. ఆ నమ్మకం నిలబడిందా లేదా అని అడిగే అధికారి మాత్రం ఎవరూ లేరు. ఎస్సేలో "ప్రోత్సాహకం ఉంది, జవాబుదారీతనం లేదు" అని రాస్తాం కదా, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మామ లెక్క

ఒక పక్షమే రాస్తే మనకు మార్కులు రావు, న్యాయమూ కాదు. మా మేనమామకు చైతన్యపురిలో 200 గజాల్లో మూడంతస్తుల బిల్డింగు ఉంది, పైన పెంట్‌హౌస్. ఎనిమిది కుటుంబాలు కిరాయికి ఉంటాయి. ఢిల్లీ నుంచి వచ్చాక ఒక ఆదివారం భోజనం దగ్గర ఈ సెక్షన్లన్నీ ఆయనకు చెప్పాను.

"అల్లుడూ, సెక్షన్లు మంచిగనే చెప్తున్నవ్. మోటరు కాలిపోతే సెక్షన్ వస్తదా బాగుచెయ్యనీకి?" అన్నాడు.

తర్వాత ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. ట్యాంకు కడిగించిన తేదీలు, లిఫ్టు మెయింటెనెన్స్, ఎండాకాలం ట్యాంకర్లు, వాచ్‌మన్ జీతం, నాలుగు నెలల కిరాయి ఎగ్గొట్టి రాత్రికి రాత్రి వెళ్లిపోయిన ఒక కుటుంబం. కోర్టుకు పోలేదా అంటే నవ్వాడు.

ఆయన నవ్వులో చరిత్ర ఉంది. బొంబాయిలో 1947 చట్టం అద్దెలను 1940 నాటి స్థాయిలో బిగించింది. యాభై ఏళ్లు అవే అద్దెలు. రిపేరు చేయించడం యజమానికి గిట్టుబాటు కాలేదు, పాత బిల్డింగులు శిథిలమయ్యాయి. 1997లో మల్పే విశ్వనాథ ఆచార్య కేసులో సుప్రీంకోర్టు ఆ బిగింపు కాలక్రమంలో అహేతుకంగా మారిందని చెప్పింది. ఖాళీ చేయించలేమన్న భయంతో ఇళ్లకు తాళం వేసుకున్నవాళ్లూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి. ఢిల్లీ కోసం పార్లమెంటు 1995లో కొత్త అద్దె చట్టం చేస్తే, పాత అద్దెల్లో ఉన్న వ్యాపారుల నిరసనతో అది అమల్లోకే రాలేదు. 3500 గీత కూడా ఈ బిగింపు నుంచి యజమానిని విడిపించడానికే గీశారు. ఉద్దేశం అర్థమైనదే. చిక్కు ఏమిటంటే, అద్దె పెంచుకునే స్వేచ్ఛ ఇస్తూ రిపేరు బాధ్యతను కూడా అదే కలం పోటుతో తీసేశారు. ఈ రెండిటినీ విడదీయడమే మన జవాబుల్లో సంస్కరణ కావాలి: అద్దె ఎంతైనా మార్కెట్‌కు వదలండి, భద్రత మాత్రం అద్దెతో సంబంధం లేకుండా ప్రతి ఇంటికీ ఉంచండి.

మామ బిల్డింగులో ఎర్త్ పిట్ ఉంది. ఎండాకాలం అందులో నీళ్లు పోస్తాడు, భూమి ఎండితే ఎర్తింగ్ పని చేయదని ఆయనకు ఎవరో మేస్త్రీ చెప్పాడట. టెర్రస్ తలుపుకి మాత్రం దొంగల భయంతో రాత్రిళ్లు తాళం. కింద మీటర్ల దగ్గర మంట లేస్తే ఎనిమిది కుటుంబాలూ పైకే పరిగెత్తాలని, ముఖర్జీ నగర్ వీడియో చూపించాను. రెండుసార్లు చూశాడు. మర్నాడు తాళం తీసి, లోపలి నుంచి వేసుకునే గడియ పెట్టించాడు. ఖర్చు మూడు వందలు. పెంట్‌హౌస్‌కి పర్మిషన్ ఉందా అని కూడా అడిగాను. మామ పెరుగన్నం కలుపుకున్నాడు.

మీరు చేయగలిగినవి

గది తీసుకునే ముందు మీటర్ బోర్డు, మెట్లు, టెర్రస్ తలుపు చూడండి. మెట్ల దారిలో బండ్లు, గ్యాస్ సిలిండర్లు ఉంటే ఆ బిల్డింగుకి రెండో దారి ఉందా అని అడగండి.

బేస్‌మెంట్‌లో పడుకోవద్దు, చదవొద్దు. అద్దె ఎంత తక్కువైనా సరే.

అగ్రిమెంటులో "రిపేర్లన్నీ అద్దెదారువే" అని ఉంటే "వైరింగ్, పైపులు, స్ట్రక్చర్ యజమానివి" అని ఒక వాక్యం చేర్చమనండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లూ ఆ కాగితాన్ని చదివి ఉండరు.

లోపం కనబడితే వాట్సాప్‌లో ఫొటోతో, తేదీతో రాసి పెట్టండి. "తెలియదు" అనే అవకాశం అక్కడితో పోతుంది. రేపు ఏదైనా జరిగితే నిర్లక్ష్యం నిరూపించే మొదటి కాగితం అదే.

బిల్డింగంతా కలిసి అడగండి. మేం పదహారు మందిమి ఉండి నలుగురమే అడిగాం. పదహారు మందీ ఒకే రోజు కిందికి దిగితే ఆ జవాబు చెప్పుల దగ్గర ఆగేది కాదని నా నమ్మకం.

సాధన కోసం

ఈ వారం ప్రశ్న: "నగరాల్లో అద్దె ఇంటి భద్రత వ్యక్తిగత ఒప్పందానికి సంబంధించిన విషయమా, ప్రజా బాధ్యతా? చర్చించండి." 250 పదాలు. చమేలీ సింగ్ కేసు (1996) వాడండి, నివాస హక్కును 21వ అధికరణలో భాగంగా కోర్టు అక్కడే చెప్పింది. 3500 గీత, 30 శాతం మినహాయింపు, మోడల్ చట్టం రెండో షెడ్యూలు వరుసలో పెట్టండి. మామ పక్షాన్ని ఒక పేరాలో తప్పకుండా రాయండి.

మనలో కొందరం రేపు మున్సిపల్ కమిషనర్లుగా, కలెక్టర్లుగా ఇలాంటి బిల్డింగుల ఫైళ్ల మీద సంతకం పెడతాం. ఇంకొందరికి పరీక్ష రాకపోవచ్చు, ఉద్యోగం చేసి, లోన్ తీసుకుని, ఎక్కడో ఒక చిన్న బిల్డింగు కట్టి కిరాయికి ఇస్తాం. ఎటు వెళ్లినా ఈ ప్రశ్నకు మళ్లీ జవాబు రాయాల్సి వస్తుంది. అప్పుడు పదాల పరిమితి ఉండదు.